గంటల లెక్కా, దమ్ముల లెక్కా? గోదావరి డెల్టాలో ట్రాక్టర్‌కి సొంతంగా చేసుకునే మెయింటెనెన్స్

క్లుప్తంగా: ట్రాక్టర్‌తో పాటు ఇచ్చే పుస్తకం సర్వీసు గడువుల్ని ఇంజన్ తిరిగిన గంటల్లో చెబుతుంది. డెల్టాలో బండిని ఎక్కువగా పాడుచేసేవి నీళ్లు, బురద, తీరం వైపున ఉప్పు. ఇంజన్ ఆయిల్‌కి గంటల లెక్క బాగానే పనిచేస్తుంది. ఇరుసులు, హబ్బులు (చక్రం ఇరుసుకు బిగిసే మధ్య భాగాలు), గేర్‌బాక్సు, క్లచ్ హౌసింగ్, గ్రీజు పనులకు మాత్రం దమ్ముల లెక్క కావాలి. దమ్ము అంటే నాట్లకు ముందు నీళ్లు నిలిపి చేను బురదగా దున్నడం. వీటిలో చాలా వరకు రైతు ఇంటి దగ్గరే చూసుకోగలడు. కొన్నింటి జోలికి మాత్రం అస్సలు వెళ్లకూడదు.

కాలవలకు నీళ్లొదిలి నారుమళ్లు పచ్చబడుతున్నాయంటే మెకానిక్ షెడ్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. సార్వా (ఖరీఫ్) దమ్ముకు జూన్, జులైలో ఒకసారి, దాళ్వా (రబీ) దమ్ముకు డిసెంబర్, జనవరిలో మరోసారి. అక్కడ తరచుగా వినబడే సందేహం ఒకటుంది. కంపెనీ పుస్తకం చూస్తే చాలా మోడళ్లకు 250 గంటలకోసారి ఇంజన్ ఆయిల్ మార్చమని రాసి ఉంటుంది. మెకానిక్కేమో దమ్ము అయిన ప్రతిసారీ మార్చెయ్యమంటాడు. గేర్ ఆయిల్‌కి వెయ్యి గంటల దాకా ఢోకా లేదని పుస్తకం చెబితే, ఒక్క దమ్ముకే పాలలా తెల్లబడిందని పక్క చేను రైతు చెబుతాడు. ఎవరి మాట వినాలి?

రెండు వైపులా సగం సగం నిజం ఉంది. ఏ సగం ఎక్కడ వర్తిస్తుందో తెలియాలంటే బండిలో ఏ భాగాన్ని ఏది అరగదీస్తుందో విడివిడిగా చూడాలి.

పుస్తకంలోని గంటలు ఎవరి కోసం

సర్వీసు గంటలు సగటు పరిస్థితికి వేసిన లెక్క. పొడి దుక్కి, ఓ మోస్తరు దుమ్ము, కొంత రోడ్డు ప్రయాణం ఉంటాయనుకుని వేస్తారు. అదే మోడల్ బండి అనంతపురం వేరుశనగ చేలోనూ తిరుగుతుంది, పాలకొల్లు పక్కన పిక్కల్లోతు బురదలోనూ తిరుగుతుంది. అనంతపురంలో దాన్ని తినేది దుమ్ము. పాలకొల్లులో నీళ్లు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి డెల్టా సాగు కాలవ నీటి క్యాలెండర్ ప్రకారమే నడుస్తోంది. రెండు పంటలకు రెండు దమ్ములు కాబట్టి ట్రాక్టర్ ఏడాదికి రెండుసార్లు వారాల తరబడి నిలిచిన నీళ్లలో పనిచేస్తుంది. నీళ్లలో, బురదలో వాడేటప్పుడు గడువులు తగ్గించుకోవాలని చాలా పుస్తకాల్లో ఒక వాక్యం ఉంటుంది. ఎంత తగ్గించాలన్నది మాత్రం సరిగ్గా ఉండదు. గందరగోళమంతా అక్కడే పుట్టింది.

ముందు ఇంజన్ ఆయిల్ సంగతి. ఇంజన్ నీటి మట్టానికి బాగా పైన ఉంటుంది, నాలుగు వైపులా మూసి ఉంటుంది. దాని ఆయిల్‌ని పాడుచేసేవి మసి, వేడి, కాలిన డీజిల్ నుంచి వచ్చే ఆమ్లాలు. బురదలో తిరిగినంత మాత్రాన ఇంజన్ ఆయిల్‌లోకి నీళ్లు రావు. కాబట్టి ఇక్కడ పుస్తకానిదే పైచేయి. గంధకం ఎక్కువున్న పాతకాలపు డీజిల్‌తో ఆమ్లం ఎక్కువగా తయారయ్యేది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా అమ్ముతున్న బీఎస్-6 ప్రమాణపు డీజిల్‌లో గంధకం కిలోకు 10 మిల్లీగ్రాములు దాటదు. అంతకుముందు బీఎస్-4 డీజిల్‌లో ఆ పరిమితి 50. పాత అలవాటు కొద్దీ ముందే ఆయిల్ మార్చడానికి ఉన్న కారణాల్లో ఒకటి అలా బలహీనపడింది.

అలాగని మెకానిక్ మాట ఉత్తిది కాదు. కిరాయి బండి దమ్ము సీజన్లో రోజుకు 12 గంటల చొప్పున 20 రోజులు తిరిగితే 240 గంటలు. అంటే అలాంటి బండికి ఒక దమ్ము, పుస్తకంలోని 250 గంటలు దాదాపు సమానం. మెకానిక్ దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ కిరాయి బళ్లే కాబట్టి అతని లెక్క అతని అనుభవంలో సరిపోతూ వస్తోంది. సొంత ఐదెకరాలకే బండి వాడుకునే రైతు మీద ఆ లెక్క రుద్దితేనే వృథా. అలాంటి బండి గంటలు నిండకపోయినా ఏడాదికోసారి ఆయిల్ మారిస్తే సరిపోతుంది.

గంటల మీటరు పనిచేయకపోతే ఏం చేయాలి? పాత బళ్లలో కేబుల్‌తో నడిచే మీటరు గడియారంలా కాలాన్ని కొలవదు, ఇంజన్ తిరిగిన చుట్లను కొలుస్తుంది. స్లోలో ఉంచితే తక్కువ, జోరుగా తిప్పితే ఎక్కువ చూపిస్తుంది. అదీ ఆగిపోయిన బళ్లకు డీజిల్ బిల్లులే ఆధారం. 40 నుంచి 50 హార్స్‌పవర్ బండి బరువు పనిలో గంటకు సుమారు 4 నుంచి 6 లీటర్లు తాగుతుంది. వెయ్యి లీటర్లు పోయగానే ఆయిల్ మార్చే వేళ వచ్చిందనుకుంటే పెద్దగా తప్పు పోదు. నిజానికి మసి లెక్కకు గంటల కంటే లీటర్లే నమ్మదగ్గ కొలత.

ఆయిల్ నల్లబడిందని భయపడటం కూడా మామూలే. డీజిల్ ఇంజన్లో కొత్త ఆయిల్ కొద్ది గంటల్లోనే నల్లబడుతుంది. మసిని తనలో కలుపుకుని పట్టి ఉంచడం దాని పనే. కంగారు పడాల్సిన గుర్తులు వేరే ఉన్నాయి. పోయకుండానే డిప్‌స్టిక్ మీద మట్టం పెరగడం, ఆయిల్ డీజిల్ వాసన కొట్టడం, తెల్లటి నురగ కనబడటం. మట్టం పెరిగిందంటే డీజిల్ గానీ రేడియేటర్ నీళ్లు గానీ లోపలికి దిగుతున్నాయి. అప్పుడు ఆయిల్ మార్చడం వైద్యం కాదు, బండిని ఆపి కారణం వెతకాలి.

హబ్బుల్లోకి నీళ్లు ఎలా దూరతాయి

డెల్టా బళ్లకు అసలు ముప్పు చక్రాల దగ్గరుంది. తిరిగే ఇరుసు చుట్టూ రబ్బరు పెదవి ఉన్న ఆయిల్ సీల్ ఉంటుంది. ప్రధానంగా అది లోపలి ఆయిల్‌ని బయటికి రానీయకుండా చేసే ఏర్పాటు. బయట గంటల తరబడి బురద నొక్కుతుంటే ఆ పెదవి కింద ఇసుక రేణువులు చేరి గరుకు కాగితంలా ఇరుసును గీస్తాయి. దీనికి తోడు పాత వరిగడ్డి, నైలాన్ తాడు పీలికలు, ఎరువుల బస్తాల పోగులు, చెరువుల దగ్గరైతే వల ముక్కలు ఇరుసుకు చుట్టుకుంటాయి. బిగిసిన పోగు సీల్‌ని కత్తిలా కోస్తుంది. సాయంత్రం బండి ఆపి చక్రం లోపలి వైపు చుట్టుకున్న చెత్త లాగెయ్యడం రెండు నిమిషాల పని. దమ్ము సీజన్లో ఇంత తక్కువ శ్రమకు ఇంత లాభం ఇచ్చే పని ఇంకొకటి లేదు.

రెండో దారి చాలామందికి తెలియదు. గేర్‌బాక్సు, వెనక ఇరుసుల మీద గాలి ఆడటానికి చిన్న మూతలాంటి బ్రీదర్ ఉంటుంది. బండి తిరిగి వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచించి దాని గుండా బయటికి పోతుంది, చల్లబడితే అటు నుంచే లోపలికి వస్తుంది. ఎండిన బురదతో బ్రీదర్ పూడిపోయిందనుకుందాం. వేడెక్కినప్పుడు లోపలి ఒత్తిడి సీల్‌ని తోసుకుని ఆయిల్‌ని చెమర్చేలా చేస్తుంది. చల్లబడినప్పుడు లోపల ఖాళీ ఏర్పడి, ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి పీల్చుకుంటుంది. ఆ సందు సీల్ దగ్గరే, సీల్ బయట ఉన్నవి నీళ్లే.

దమ్ము ముగించి పొద్దుగూకే వేళ బండిని నేరుగా కాలవ రేవులోకి దింపి కడగడం ఇక్కడి అలవాటు. రోజంతా తిరిగి కాలుతున్న హబ్బు ఒక్కసారిగా చల్లటి నీళ్లలో మునుగుతుంది. లోపలి గాలి చప్పున కుంచించుకుపోతుంది. బ్రీదర్ కూడా పూడి ఉంటే హబ్బు పిచికారీలా నీళ్లు లాగేసుకుంటుంది. బండి మీద మెరుపు వస్తుంది గానీ లోపల గేర్ల మధ్య నీళ్లు చేరతాయి. గట్టు మీదే ఓ అరగంట ఆపి చల్లారనిచ్చి, బకెట్టుతోనో మామూలు పైపుతోనో కడిగితే ఈ బెడద ఉండదు. సర్వీసింగ్ పాయింట్లలో వాడే ప్రెషర్ గన్‌ని కూడా సీళ్లకు, బ్రీదర్‌కి, డైనమోకి సూటిగా గురిపెట్టకూడదు. నరసాపురం, మొగల్తూరు, అంతర్వేది వైపు ఉప్పునీటి చెరువుల గట్ల మీద తిరిగే బళ్లకు మాత్రం ఏ రోజుకారోజు మంచినీళ్ల కడుగుడు తప్పదు. అక్కడ కడగకపోతే నట్ల మీద తుప్పు పానాకు కూడా లొంగనంతగా పేరుకుంటుంది.

లోపల నీళ్లు చేరాయో లేదో చూసుకోవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. రాత్రంతా కదలకుండా ఉన్న బండి దగ్గరికి పొద్దున్నే, సెల్ఫ్ కొట్టకముందే వెళ్లాలి. హబ్బుది గానీ ఇరుసుది గానీ డ్రెయిన్ ప్లగ్ చుట్టూ శుభ్రంగా తుడిచి, కింద తెల్లటి ప్లాస్టిక్ డబ్బా పెట్టి, ప్లగ్గును పూర్తిగా ఊడదీయకుండా రెండు మూడు చుట్లు వదులు చేయాలి. నీళ్లు ఆయిల్ కంటే బరువు కాబట్టి ఉంటే ముందు అవే వస్తాయి. మొదటి చుక్క నుంచే తేనె రంగు ఆయిల్ వస్తే బిగించెయ్యొచ్చు. చెంచాడు నీళ్లు వచ్చి ఆ వెనక ఆయిల్ వస్తే, నీళ్లు వదిలేసి మట్టం సరిచేసి నాలుగైదు రోజులకు మళ్లీ చూడాలి. మళ్లీ వస్తే సీల్ పోయినట్టే. ఇక వచ్చింది మజ్జిగలా ఉంటే, నీళ్లు ఆయిల్‌లో చిలికినట్టు కలిసిపోయాయని అర్థం. అది తేరుకోదు. మొత్తం తీసి మార్చాల్సిందే.

ఈ చిన్న పరీక్ష ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే లీటర్లు చూస్తే చాలు. ఫోర్ వీల్ డ్రైవ్ బండి ముందు హబ్బులో పట్టేది కొద్దిపాటి ఆయిల్. గేర్‌బాక్సు, వెనక ఇరుసు, లిఫ్ట్ (పనిముట్టును ఎత్తి దించే ఏర్పాటు) మూడింటికీ ఒకే ఆయిల్ ఉండే మోడళ్లలో మాత్రం మోడల్‌ని బట్టి 30 నుంచి 60 లీటర్ల దాకా పడుతుంది. అది పాడైతే మార్చే ఖర్చొక్కటే కాదు, అదే ఆయిల్ లిఫ్ట్ పంపులోకీ వెళ్తుంది. నీళ్లు కలిసిన ఆయిల్‌తో పంపు అరిగిపోయి, వెనక తగిలించి మట్టిని చిలికే రోటావేటర్‌ని ఎత్తలేక లిఫ్ట్ వణుకుతుంటే రైతులు ముందు లిఫ్ట్ మెకానిక్‌ని వెతుకుతారు. అసలు తప్పు వెనక ఇరుసు సీల్‌లో ఉంటుంది. ఫోర్ వీల్ బళ్ల గురించి ఇంకో మాట. దిగబడకుండా లాగుతాయని వాటిని దమ్ముకు ఇష్టపడటం సబబే. కానీ టూ వీల్ బండి ముందు ఇరుసులో గేర్లు లేవు, వీటికి ఉన్నాయి. అంటే బురదలో మునిగే సీళ్లు ఎక్కువ, చూసుకోవాల్సిన ప్లగ్గులూ ఎక్కువ.

క్లచ్ కింద చిన్న రంధ్రం

ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య క్లచ్ ఉండే హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. లోపల ఏ సీల్ అయినా కారితే ఆ ఆయిల్ క్లచ్ ప్లేట్ల మీద పడకుండా కిందికి కారిపోవడానికి పెట్టిన దారి అది. పొడి పనిలో అది తెరిచే ఉండాలి. దమ్ములో తెరిచి ఉంటే అటు నుంచి బురద నీళ్లు పైకి చిమ్ముతాయి. అందుకే చాలా బళ్లకు దానికి బిగించే ప్లగ్గు విడిగా ఇస్తారు. దమ్ముకు దిగేముందు బిగించాలి, దమ్ము అయ్యాక తీసెయ్యాలి.

ఈ ప్లగ్గు విషయంలో పొరపాటు రెండు వైపులా జరుగుతుంది. బిగించకుండా దిగితే ప్లేట్లు తడిసి జారతాయి, తర్వాత తుప్పు పడతాయి. బిగించి మర్చిపోతే, కారిన ఆయిల్ లోపలే నిలిచి ప్లేట్లు నూనెలో నానుతాయి. క్లచ్ మార్చాలంటే బండిని మధ్యకు రెండుగా విడదీయాలి. సీజన్లో ఆ పని పడితే కిరాయి బేరాలు పోయినట్టే. ప్లగ్గు తీసిన రోజు అక్కడి నుంచి ఏం కారిందో చూడటం మరిచిపోకూడదు. నీళ్లయితే బురద వెళ్లింది, ఆయిలైతే పైన సీల్ కారుతోంది.

క్లచ్ పెడల్‌కి ఖాళీ ఆట ఉండాలి. ఎంత ఉండాలన్నది మోడల్‌ని బట్టి మారుతుంది. ఆట బొత్తిగా లేకపోతే కాలు తీసినా క్లచ్ పూర్తిగా పట్టదు, అరుగుతూనే ఉంటుంది. దిగబడ్డ బండిని హాఫ్ క్లచ్‌తో లాగే డ్రైవర్ చేతిలో ఎంత మంచి సర్దుబాటూ నిలవదన్నది వేరే సంగతి.

గ్రీజు పాతది బయటికొచ్చేదాకా

పొడి చేలో గ్రీజు పని రాపిడి తగ్గించడం. దమ్ములో దానికి ఇంకో పని పడుతుంది, బురదకు అడ్డుగా నిలబడటం. ముందు ఇరుసు మధ్య పిన్ను, చక్రాల కింగ్ పిన్నులు, స్టీరింగ్ జాయింట్లు, పెడల్ షాఫ్టులు, లిఫ్ట్ లింకులు అన్నింటికీ గ్రీజు ఎక్కించే చిన్న మొనలు, అంటే నిపిళ్లుంటాయి. నాలుగు పోట్లు కొట్టామా అన్నది లెక్క కాదు. గన్ కొడుతుంటే ముందు నల్లగా, ఇసకతో కరకరలాడే గ్రీజు వస్తుంది. తర్వాత కాస్త బూడిద రంగులో నీళ్లు కలిసింది. చివరికి గన్‌లో ఉన్న రంగే బయట కనబడుతుంది. అప్పుడే ఆపాలి. దమ్ము నడిచినన్ని రోజులూ సాయంత్రం పని ఆపగానే కొట్టడం మేలు. పొద్దున్న కొడితే రాత్రంతా బేరింగ్ నీళ్లతోనే గడిపినట్టు.

నిపిల్ పూడిపోయి గ్రీజు ఎక్కకపోతే చాలామంది వదిలేస్తారు. కొత్త నిపిల్ ధర అతి తక్కువ, కింగ్ పిన్ను బుష్షుల పని పెద్దది. గ్రీజుల్లో కూడా తేడా ఉంది. మామూలు కాల్షియం గ్రీజు నీళ్లకు బాగా ఓర్చుకుంటుంది, వేడికి ఓర్చుకోదు. లిథియం గ్రీజు వేడికీ ఆగుతుంది, నీళ్లకూ ఓ మోస్తరుగా ఆగుతుంది. చక్రాల బేరింగుల్లాంటి వేడెక్కే చోట లిథియందే వాడాలి. రెండు రకాల్ని ఒకే చోట కలిపితే కొన్నిసార్లు పలచబడి కారిపోతాయి. కాబట్టి రకం మార్చదలిస్తే పాతది పూర్తిగా బయటికి నెట్టెయ్యాలి.

డీజిల్లో నీళ్లు, పైపులో గాలి

డెల్టా గాలిలో తేమ ఎక్కువ. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లబడ్డప్పుడు ఆ తేమ గోడలకు చెమరించి అడుగుకు చేరుతుంది. సాయంత్రమే ట్యాంకు నింపితే తేమకు చోటుండదు. చేలోకి డబ్బాల్లో మోసుకెళ్లే డీజిల్ ఇంకో దారి. డబ్బాని కాసేపు కదపకుండా ఉంచి, అడుగున ఓ గ్లాసుడు మిగిల్చి, మెత్తటి వడపోత గుడ్డ గుండా పోస్తే సగం ఇబ్బంది తీరుతుంది. ట్యాంకు అడుగున నీళ్లు చాలాకాలం నిలిస్తే, నీటికీ డీజిల్‌కీ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది. ఫిల్టర్లు పదే పదే పూడుకుపోతున్నాయంటే ఫిల్టర్ కంపెనీని తిట్టేముందు ట్యాంకు అడుగు చూడాలి.

ఫిల్టర్ మార్చాక ఎయిర్ తీయడం మామూలు పంపు ఉన్న బళ్లలో ఇంటి దగ్గర అయ్యే పనే. ఫిల్టర్ మీది ఎయిర్ స్క్రూ వదులు చేసి, హ్యాండ్ పంపు కొడుతూ బుడగలు ఆగి సన్నటి ధార వచ్చేదాకా చూసి బిగించాలి. తర్వాత పంపు మీది స్క్రూ దగ్గర అదే పని. వరస తప్పితే గాలి ముందుకి పోయి పని మొదటికొస్తుంది.

కోతల్లో శత్రువు మారుతుంది

దమ్ములో దుమ్ము దాదాపు ఉండదు, ఎయిర్ ఫిల్టర్‌ని రోజూ విప్పాల్సిన పని లేదు. కోతలు, గడ్డి కట్టలు కట్టే పని, వేసవిలో మట్టి తోలకం మొదలయ్యాక లెక్క మారిపోతుంది. ఆయిల్ గిన్నె ఉన్న పాత రకం క్లీనర్‌లో గిన్నె అడుగున మడ్డి పేరుకుందేమో రోజూ చూడాలి. కొత్తరకం పేపర్ ఫిల్టర్ విషయంలో తప్పు ఎదురు దిశలో జరుగుతుంది, అతిగా శుభ్రం చేస్తారు. నేలకేసి కొట్టడం, పెట్రోల్‌తో కడగడం, టైర్ల షాపులో ఫుల్ గాలి పట్టడం కాగితానికి కనబడని చిల్లులు పెడతాయి. గాలి పట్టాలంటే తక్కువ ఒత్తిడితో, లోపలి నుంచి బయటికి. లోపలున్న రెండో చిన్న ఫిల్టర్‌ని కడగరు, దులపరు, గడువు వస్తే మారుస్తారంతే. ఫిల్టర్‌కి చిల్లు పడ్డ ఇంజన్ రెండు సీజన్లు తిరక్కుండానే సిలిండర్లు అరిగి బోరు పనికి రావచ్చు.

వరి నూగు, గడ్డి తుక్కు రేడియేటర్ రెక్కల మధ్య దుప్పటిలా పరుచుకుంటాయి. ఇంజన్ వేడెక్కుతోందని పైనుంచి నీళ్లు పోస్తూ ఈ జాలీ చూడనివారు ఎందరో. తీరం వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి రేడియేటర్‌లో పోస్తే లోపల గార కడుతుంది, తుప్పు పడుతుంది. కూలెంట్‌కి పెట్టే డబ్బు అక్కడ దండగ కాదు. మరుగుతున్న రేడియేటర్ మూత తీయకూడదన్నది వేరే చెప్పక్కర్లేదు.

చక్రాలు మార్చిన రోజు

దమ్ముకు టైర్లు తీసి ఇనుప చక్రాలు బిగించి, తర్వాత మళ్లీ టైర్లు ఎక్కించే బళ్లలో నట్లు వదులవడం చాలా మామూలు. రిమ్ముకీ హబ్బుకీ మధ్య ఎండిన మట్టి పెళ్ల ఒకటి ఇరుక్కుంటే చాలు. బిగించినప్పుడు గట్టిగానే ఉంటుంది, ఓ గంట తిరిగేసరికి పెళ్ల నలిగి నట్టు వదులవుతుంది. అందుకే బిగించే ముందు రెండు ముఖాలూ గీకి తుడవాలి, గంట పని తర్వాత మళ్లీ పానా వేయాలి.

రోడ్డు, గట్టు ప్రయాణాల్లో బ్రేకులది ఇంకా పెద్ద సంగతి. చేలో మలుపు తిప్పుకోవడానికి కుడి ఎడమ బ్రేకులు వేరువేరుగా ఉంటాయి. రోడ్డెక్కగానే రెంటినీ కలిపే గొళ్లెం వేయాలి. అయినా రెండు పెడళ్ల ఆట సమానంగా లేకపోతే నొక్కగానే బండి ఒక పక్కకు లాగుతుంది. ఒక వైపు పంట కాలవ, ఇంకో వైపు మురుగు కాలవ ఉండే గట్టు మీద, వెనక ధాన్యం ట్రైలర్ తగిలించి ఉండగా అలా లాగితే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులు దమ్ముకు బాగా ఆగుతాయి. పొడి బ్రేకులున్న పాత బళ్లలో బురద చేరుతుంది కాబట్టి ప్రతి దమ్ము తర్వాతా ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నడుపుతూ ఒకసారి పరీక్షించాలి.

కాలవలు కట్టేశాక

దాళ్వా కోతలయ్యాక కాలవలకు నీళ్లు ఆపేస్తారు. కిరాయిలు లేని బళ్లు పాకలోనే ఉంటాయి. వాడకపోవడం కూడా బండిని పాడుచేస్తుందన్నది గంటల లెక్కలో కనబడని విషయం. తడి తగిలిన క్లచ్ ప్లేటు కదలకుండా ఉంటే ఫ్లైవీల్‌కి తుప్పుతో అతుక్కుపోతుంది. జూన్‌లో పెడల్ తొక్కినా గేరు పడదు. కొన్ని బళ్లకు పెడల్‌ని తొక్కిన స్థితిలో పట్టి ఉంచే కొక్కెం ఉంటుంది, లేనివాటికి చెక్క ముక్క సరిపోతుంది. బ్యాటరీ మైనస్ వైరు తీసేసి, టెర్మినళ్ల మీది పచ్చటి ఉప్పును వేడినీళ్లతో కడిగి వ్యాజిలిన్ రాయాలి. ప్లేట్లు మునిగేలా డిస్టిల్డ్ వాటర్ పోసి నెలకోసారి చార్జింగ్ పెడితే వచ్చే సీజన్‌కి కొత్త బ్యాటరీ ఖర్చు తప్పొచ్చు. రోటావేటర్‌నీ అలాగే వదిలెయ్యకూడదు. బురద ఆరకముందే కడిగి, గేర్ ఆయిల్ చూసి, ఇంజన్ శక్తిని పనిముట్టుకు అందించే పీటీవో షాఫ్టు ఒకదానిలో ఒకటి జారే చోట గ్రీజు పట్టించకపోతే అది ఒకే ముక్కగా బిగుసుకుపోతుంది.

చెయ్యి ఎక్కడ ఆపాలి

ఆయిల్, ఫిల్టర్లు, గ్రీజు, బెల్టు బిగింపు, బ్యాటరీ, పెడళ్ల ఆట, ఎయిర్ తీయడం వరకు రైతు సొంత పానాలతో చేసుకోగలిగినవే. డీజిల్ పంపు సీలు విప్పడం, నాజిళ్ల (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ముక్కుల) ఒత్తిడి సర్దడం, లిఫ్ట్ లోపలి పనులు, బండిని విడదీయడం షెడ్డుకి వదిలెయ్యాలి. 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 ఉద్గార ప్రమాణాలు అమల్లోకి వచ్చాక వాటిలో కామన్ రైల్ (ఒకే గొట్టం నుంచి అన్ని నాజిళ్లకూ అధిక ఒత్తిడితో డీజిల్ అందించే) ఇంజన్లు పెరిగాయి. వీటిలో నాజిళ్లకు వెళ్లే పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. పాత బండిలోలా నట్టు వదులు చేసి సెల్ఫ్ కొడితే సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. పైకి చిన్న గాయంలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన ప్రమాదం అది. పాత బండిలో నేర్చుకున్న చేతివాటం కొత్త బండి మీద చూపించకూడదు.

ప్రమాదాలు ఎక్కువగా జరిగే అవకాశం ఉన్నది మాత్రం చిన్న పనుల్లోనే. ఇంజన్ ఆపకుండా రోటావేటర్‌కి చుట్టుకున్న గడ్డి లాగడం, లిఫ్ట్ మీద నమ్మకంతో ఎత్తిన పనిముట్టు కిందికి దూరడం, మెత్తటి నేల మీద పలక వెయ్యకుండా జాకీ పెట్టడం. తాళం జేబులో వేసుకుని, పనిముట్టు కింద దుంగ పెట్టాకే చెయ్యి పెట్టాలి.

వారంటీ గురించీ సందేహాలున్నాయి. గడువులో ఉన్న బండికి కంపెనీ చెప్పిన సర్వీసులు అధికారిక డీలర్ దగ్గర జరగకపోతే క్లెయిమ్ చిక్కుల్లో పడొచ్చు. రోజువారీ గ్రీజు, ఆయిల్ మట్టం, ఫిల్టర్ దులపడం లాంటివి మాత్రం యజమాని పనులుగానే పుస్తకంలో రాసి ఉంటాయి. కొన్న ఆయిల్, ఫిల్టర్ల బిల్లులు, తేదీ, గంటలు రాసిన నోటుబుక్కు ఉంటే వాదనకు బలం ఉంటుంది.

ధరల వైపు ఒక మార్పు వచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, ట్రాక్టర్ టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లుతో దొరికే అసలు సరుకుకీ, బిల్లు లేని నకిలీకీ మధ్య ధరల తేడా దీనివల్ల కొంత తగ్గే అవకాశం ఉంది. డీజిల్ జీఎస్టీ పరిధిలోనే లేదు కాబట్టి నడిపే ఖర్చులో పెద్ద వాటాకు ఈ తగ్గింపు అంటదు.

తీసిన ఆయిల్ ఎటు పోతుంది

ఇంటి దగ్గర ఆయిల్ మార్చేవారు పెరిగితే, షెడ్డులో ఒకచోట చేరే పాత ఆయిల్ ఊరంతా చెదురుతుంది. తుప్పు పట్టకుండా ఇనుప చక్రాలకు, చెదలు పట్టకుండా దూలాలకు పూయడం పాత అలవాటు. మిగిలింది బోదెలోకో మురుగు కాలవలోకో పోతుంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థమే. డెల్టాలో చాలా ఊళ్ల మంచినీటి చెరువులు నిండేది ఈ పంట కాలవలతోనే. పాత ఆయిల్‌ని మూత ఉన్న డబ్బాలో పోగుచేస్తే, మెకానిక్ షెడ్ల దగ్గర కొనుక్కునేవాళ్లే దాన్నీ తీసుకుంటారు. నీళ్లు కలిసిన గేర్ ఆయిల్‌ని మాత్రం విడిగా ఉంచాలి. అది కలిస్తే డబ్బా మొత్తానికి ధర పలకదు.